భవిష్యనిధి సొమ్ము: అప్పు వేరు, ఉపసంహరణ వేరు

సభ్య సంఘాల కార్యదర్శులకు, సిబ్బందికి,

అవసరం వచ్చినపుడు భవిష్యనిధి (పి.ఎఫ్.) సొమ్ము వైపు చూడటం సహజం. ఆదాయపు పన్ను లెక్కలో అప్పుకు, ఉపసంహరణకు గల తేడా తెలియక పలువురు నష్టపోవుచున్నందున ఈ పాఠం వ్రాయుచున్నాము.

మొదటి సూత్రం: అప్పు ఆదాయం కాదు. తిరిగి చెల్లించవలసిన సొమ్ముకు పన్ను లేదు. ఇంటి ఖర్చులకు వాడిన అప్పుపై కట్టే వడ్డీకి మాత్రం పన్నులో మినహాయింపు రాదు.

రెండవ సూత్రం: ఐదు సంవత్సరముల నిరంతర సర్వీసు నిండకుండా ఉద్యోగం మాని పి.ఎఫ్. తీసుకొన్నచో అది పన్నుకు లోబడును. అనారోగ్యం వలన గాని, సంస్థ మూతపడుట వలన గాని ఉద్యోగం పోయినచో మినహాయింపు గలదు. పాత సంఘములోని నిల్వను కొత్త సంఘపు ఖాతాకు బదిలీ చేయించుకొన్నచో, పాత సర్వీసు కూడ లెక్కకు వచ్చును.

ఉదాహరణ: బాటసింగారం వైపు సంఘములో పాల పరీక్షకుడు ఒకరు నాలుగేళ్ళు పనిచేసి, 2021-22లో గడ్డిఅన్నారం నుండి అక్కడికి తరలివచ్చిన పండ్ల మార్కెట్టులో పనికి చేరి, అప్పు తీర్చుటకు పి.ఎఫ్. రూ. 1,20,000 తీసుకొన్నారనుకొందాం. మొత్తం రూ. 50,000కు తగ్గనందున 10 శాతం, అనగా రూ. 12,000 ముందే కోత పడును. పాన్ ఇవ్వనిచో 20 శాతం, రూ. 24,000. ఈ కోత తుది పన్ను కాదు; ఆదాయం తక్కువైనవారు రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చును.

మరొక నష్టం కలదు. 1995 పింఛను పథకంలో నెలసరి పింఛనుకు పది సంవత్సరముల సర్వీసు కావలెను. పింఛను సొమ్ము కూడ తీసివేసినచో ఆ సర్వీసు పోవును.

పోస్టాఫీసులో పి.పి.ఎఫ్. ఖాతా గలవారు మూడవ సంవత్సరం నుండి ఆరవ సంవత్సరం వరకు దానిపై అప్పు పొందవచ్చును. రెండేళ్ళ క్రిందటి నిల్వలో 25 శాతం వరకు ఇత్తురు. 2019 పథకం ప్రకారం 36 నెలలలో తీర్చినచో వడ్డీ ఏటా 1 శాతమే. గడువు దాటినచో 6 శాతం.

కావున ఎవరైనా రాజీనామా పత్రం తెచ్చినపుడు కార్యదర్శులు మూడు ప్రశ్నలడుగవలెను: ఐదేళ్ళు నిండినవా? పాన్ ఖాతాకు చేర్చబడినదా? బదిలీకి వీలున్నదా? ఆ తరువాతనే సంతకం చేయవలెనని మా మనవి.