మేయర్ కావాలంటే ఏం చదవాలి?

పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ముసునూరులో ఇంటిల్లిపాదీ ముందు నూజివీడు ట్రిపుల్ ఐటీ వైపు చూస్తారు. అక్కడ సీటు రాకపోతే ఎంపీసీ, కాదంటే బైపీసీ. లా ఊసు ఎవరూ ఎత్తరు. గట్టు తగాదా వచ్చినప్పుడే వకీలు గుర్తొస్తాడు. పాత కృష్ణా జిల్లాలోనే, నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో 1885లో పుట్టిన మాడపాటి హనుమంతరావు మాత్రం వకీలుగా పేరు తెచ్చుకుని 1951లో హైదరాబాద్ తొలి మేయర్ అయ్యారు.

అప్పటికి ఆయన వయసు 66.

ఆ కుర్చీ కోసం ఆయన లా చదవలేదు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామ ఇంట పెరిగారు. హనుమకొండలో సర్కారు కొలువు చేశారు. తర్వాత హైదరాబాద్ చేరి 1917లో వకాలతు మొదలుపెట్టారు. నిజాం కోర్టుల్లో వ్యవహారమంతా ఉర్దూలో నడిచే కాలమది. ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు, తెలుగు నాలుగూ వచ్చిన వకీలుకి కేసులకు కొదవేముంటుంది! ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చిన తొలివారిలోనూ ఆయన ఒకరు.

1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గోల చేసి ఆపేశారు. ఆ కోపంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి దానికి పెద్దదిక్కయ్యారు. సంఘం చేసిన పని చూస్తే వకీలు బుర్ర ఎలా నడుస్తుందో తెలుస్తుంది. వెట్టి మీద, వర్తకుల హక్కుల మీద చిన్న చిన్న పుస్తకాలు అచ్చేసి పంచింది. ఫలానా అధికారి ఊరికొచ్చి సరుకు ఊరికే పట్టుకెళ్తుంటే, వద్దనే హక్కు తనకుందని కొట్టువాడికి తెలియాలి కదా! 1928లో ఆయన తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల పాఠశాల పెట్టారు. దానికి గుర్తింపు హైదరాబాద్‌లో దొరక్కపోతే పుణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం నుంచి తెచ్చారు. దారి మూసుకుపోయినచోట ఇంకో నిబంధన వెతకడం కోర్టు నేర్పే విద్యే.

టంగుటూరి ప్రకాశం దారి ఇందుకు తలకిందులు. రాజమహేంద్రవరంలో ప్లీడరుగా ఉంటూనే కుర్రవయసులో మునిసిపల్ చైర్మన్ అయ్యారు, లండన్ వెళ్లి బారిస్టరయింది ఆ తర్వాతే. మన కాలంలో చూస్తే, 2021లో హైదరాబాద్ మేయరైన గద్వాల్ విజయలక్ష్మి లా పట్టభద్రురాలు. అయితే ఆమెది రాజకీయ కుటుంబం, ఆ అండ అందరికీ ఉండదు.

ఇక చదువు సంగతి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. రెండింటికీ ఏపీ లాసెట్ రాయాలి. దగ్గర్లో ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి లా కాలేజీ, విజయవాడలో సిద్ధార్థ లా కాలేజీ ఉన్నాయి. విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ, హైదరాబాద్ నల్సార్ కావాలంటే క్లాట్ రాయాలి. పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు, ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. నమోదుకు వేలకు వేలు వసూలు చేసే రోజులు పోయాయి. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

జూనియర్‌గా తొలి రెండు మూడేళ్లు చేతికొచ్చేది అంతంతమాత్రం. ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఒప్పించుకోవాలి. పని మాత్రం మన తోటల్లోనే ఉంది. పూత మీద తోటను నోటిమాటతో గుత్తకిచ్చి, కాపు దిగేసరికి ధర పడిపోతే అడ్వాన్సు ఎవరిది? ఈ పేచీలకు కాగితం రాసిపెట్టగల కుర్ర లాయరుకి నూజివీడు కోర్టు చుట్టూ గిరాకీ ఉంటుంది.

మేయర్ పదవికి నోటిఫికేషనూ లేదు, ర్యాంకూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కౌన్సిల్ సభ్యులు కార్పొరేటర్లలో ఒకరిని ఎన్నుకుంటారు, అదీ ఆ దఫా రిజర్వేషన్ ఎవరికి పడితే వారిని. రోజువారీ పాలన, సిబ్బంది అంతా కమిషనర్ చేతిలో ఉంటాయి. కౌన్సిల్ సమావేశం నడపాలన్నా, అజెండాలో ఏది చట్టానికి నిలుస్తుందో చూడాలన్నా మునిసిపల్ చట్టం చదివినవారిదే పైచేయి. కార్పొరేటర్‌గా నిలబడటానికి 21 ఏళ్లు నిండితే చాలు, కానీ ఆ నగరంలో ఓటు ఉండాలి. ముసునూరులో ఓటున్నవారు నిలబడగలిగేది పంచాయతీకో, ఎంపీటీసీకో, జడ్పీటీసీకో. విజయవాడలో కాపురం పెట్టి ప్రాక్టీసు చేసేవారు ఓటు అక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి.