కుడుము ఎందుకు విరుగుతుంది?

వినాయక చవితినాడు మీ ఇంట్లో కుడుములు చేసేటప్పుడు పొయ్యి దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? ఈసారి కూర్చోండి.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. గుప్పెడు బియ్యప్పిండిని చన్నీళ్లతో ముద్ద చేయండి. కొంచెం వంచితే చాలు, పగిలి విరిగిపోతుంది. మరొక గుప్పెడు పిండిలో మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చేయి పట్టేంత చల్లారాక పిసకండి. ఇది చెప్పినట్టు వింటుంది! కారణమేమిటి? గోధుమపిండి తడిస్తే గ్లూటెన్ అనే సాగే ప్రోటీను ఏర్పడుతుంది. బియ్యంలో అది లేదు. కనుక పిండిపదార్థమే ఆ పని చేయాలి. సుమారు 60–80 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య పిండి రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, జిగురుగా మారతాయి. మా తాండూరు వైపు తల్లులు జొన్నరొట్టెల పిండిలో వేడినీళ్లు పోసేదీ ఇందుకే. వారికి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇక చేసే పద్ధతి. గ్లాసు పిండికి గ్లాసు నీళ్లు, పాతబియ్యమైతే ఇంకొంచెం. నీళ్లలో ఉప్పు, జీలకర్ర, నానిన శనగపప్పు వేసి మరిగించి, పిండి పోసి కలిపి, మూతపెట్టి దించండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే కుడుములు చేసి, ఇడ్లీపాత్రలో 15 నిమిషాలు ఆవిరి పట్టండి. పూర్వం కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి దానిపై ఉడికించేవారు.

ఒక గ్రాము ఆవిరి కుడుమును తాకి నీరుగా మారేటప్పుడు సుమారు 540 కేలరీల గుప్తోష్ణాన్ని వదులుతుంది. వికారాబాదు సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. అయినా కుడుముకు ఆ తేడా పట్టదు.

కాని జాగ్రత్త! చిన్నప్పుడు నేను మూతను నావైపుకు ఎత్తాను. ఆ మచ్చ ముంజేతిమీద ఇప్పటికీ ఉంది. లెక్క వేయండి: గ్రాము మరిగే నీరు 37 డిగ్రీలకు చల్లారితే 63 కేలరీలు ఇస్తుంది. ఆవిరి అయితే 540+63, అంటే 603! దాదాపు పదింతలు. అందుచేత పెద్దలు దగ్గరుండగా, మంట ఆర్పి, మూత అవతలి అంచును ముందుగా ఎత్తాలి. కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచి, వైద్యునికి చూపాలి. నాకు సిరా పూశారు. మీరు సిరా, పేస్టు, మంచుగడ్డ ఏదీ పెట్టకండి.

చైనావారు తమ కొత్త సంవత్సరానికి ‘నియాన్ గావ్’ అనే తీపి కుడుమును ఇలాగే ఆవిరిమీద వండుతారు. అది బంకలా సాగుతుంది. మనం తినే చాలా రకాల బియ్యపు పిండిపదార్థంలో ఎమైలోజు 20–25 శాతం ఉంటుంది, మిగిలినది ఎమైలోపెక్టిన్. వారి జిగురుబియ్యంలో దాదాపు అంతా ఎమైలోపెక్టినే. అయొడిన్ చుక్క వేస్తే మన అన్నం నీలిరంగు, ఆ బియ్యం ఎర్రని గోధుమరంగు చూపుతాయి.

మరునాడు మిగిలిన కుడుము గట్టిపడుతుంది. చల్లారిన పిండి అణువులు మళ్లీ దగ్గరగా చేరడమే కారణం. దానికి పది నిమిషాలు ఆవిరి పట్టి, నొక్కి చూడండి.