మోటారు వేగమును త్వరగా మార్చుట: డ్రైవు అమరికలో రైతులు గమనింపవలసిన విషయములు

హైదరాబాదులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వైపు పోవు మెట్రో రైలునకు తరువాతి స్టేషను పంజాగుట్ట. ఈ మార్గము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. రైలు అమీర్‌పేటలో కదలి, కొద్ది సెకనులలో వేగము పుంజుకొని, పంజాగుట్టలో పెద్ద కుదుపు లేకుండ ఆగును. ఆ బండిని నడుపునవి మన బావి మోటారు వలె త్రీ ఫేజు కరెంటుతో తిరుగు మోటారులే. వాని వేగమును క్షణక్షణము దిద్దునది వానికి కరెంటు నందించు నియంత్రకము. అదే పని చేయు చిన్న పరికరము నేడు పంపులకు, సోలారు సెట్లకు, నూర్పిడి యంత్రములకు కూడ లభించుచున్నది. దీనిని డ్రైవు అందురు. అమరిక సరిగా లేనిచో డ్రైవు మాటిమాటికి ట్రిప్పగును, గొట్టములు పగులును, మోటారు చెడును.

డ్రైవు చేయు పని

మోటారు వేగము కరెంటు హెర్ట్జులపై ఆధారపడి యుండును. 4 పోళ్ల మోటారు 50 హెర్ట్జుల వద్ద నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. 25 వద్ద అందులో దాదాపు సగము. డ్రైవు లైను కరెంటును మొదట డి.సి.గా మార్చి, పిదప మనము కోరిన హెర్ట్జుల ఎ.సి.గా మోటారునకు పంపును. వోల్టేజిని కూడ అదే పాళ్లలో మార్చును. 50 హెర్ట్జులకు 415 వోల్టులైనచో 25 హెర్ట్జులకు సుమారు 208 వోల్టులు.

వేగము పెంచుట

సున్న నుండి పూర్తి వేగమునకు పట్టు సెకనులను డ్రైవులో మనమే నిర్ణయింపవలెను. ఈ వ్యవధి మరీ తక్కువైనచో హెర్ట్జులు ముందుకు పోవును, బరువైన చక్రము వెనుకబడును. అపుడు మోటారు అధిక కరెంటు లాగును, డ్రైవు ట్రిప్పగును.

వేగము తగ్గించుట

చాలమంది తికమక పడునది ఇచ్చటనే. బరువుతో తిరుగుచున్న మోటారు వేగమును డ్రైవు బలవంతముగా తగ్గించినపుడు, మోటారే జనరేటరుగా మారి కరెంటును వెనుకకు పంపును. మెట్రో రైలులో ఆ కరెంటు పై తీగలోనికి పోయి, మరియొక రైలునకు ఉపయోగపడును. మన సాధారణ డ్రైవులో కరెంటు లైనులోనికి తిరిగి పోవుటకు దారి లేదు. కావున లోపలి డి.సి. వోల్టేజి మామూలుగా నుండు 585 వోల్టుల నుండి పైకి ఎగబ్రాకి, డ్రైవు ఆగిపోవును. నూర్పిడి యంత్రము, పెద్ద చక్రము గల చొప్ప కత్తిరించు యంత్రము విషయములో ఇది తరచు జరుగును. వ్యవధి పెంచుటయో, ఆ శక్తిని వేడిగా మార్చు బ్రేకు రెసిస్టరు నమర్చుటయో దీనికి మార్గము.

పంపులలో చిక్కు వేరు. పైకెక్కు నీటి భారము వలన పంపు తనంతట తానే త్వరగా నెమ్మదించును. కాని ఇనుప గొట్టములో సెకనుకు 1 మీటరు వేగమున పోవు నీరు హఠాత్తుగా ఆగినచో, సుమారు 100 మీటర్ల ఎత్తు నీటికి సమానమైన అదనపు ఒత్తిడి కలుగును. అతుకులు విడుట, నాన్ రిటర్న్ వాల్వు పగులుట దీని ఫలితమే.

బోరు మోటారు, సోలారు పంపు

బోరులో మునిగియుండు మోటారు థ్రస్ట్ బేరింగునకు పలుచని నీటి పొర ఆధారము. నెమ్మదిగా తిరిగినచో ఆ పొర ఏర్పడక బేరింగు అరుగును. అందుచే 0 నుండి 30 హెర్ట్జుల వరకు సుమారు 1 సెకనులో చేర్చి, అచ్చటి నుండి 50 వరకు నిదానముగా పెంచవలెను. ఆపునపుడు 50 నుండి 30 వరకు నిదానముగా, ఆపై వెంటనే. 30 హెర్ట్జుల వద్ద పంపు నీటిని ఎత్తు శక్తి పూర్తి వేగమునందలి దానిలో 36 శాతమే. లోతు బోరులో అప్పటికే నీటి పోత ఆగియుండును గనుక దెబ్బ తగులదు.

సోలారు పంపునకు మబ్బు పట్టినపుడు పలకల శక్తి క్షణములో పడిపోవును. వేగము వెంటనే తగ్గనిచో డి.సి. వోల్టేజి కూలి పంపు ఆగును. కావున దీనిలో తగ్గుట చురుకుగా, పెరుగుట నిదానముగా నుండవలెను.

అమర్చు విధానము

1. మోటారు రేకుపై నున్న వోల్టులు, ఆంపియరులు, హెర్ట్జులు, చుట్లు తప్పక నమోదు చేయవలెను.

2. పైమట్టపు పంపునకు పెంచుటకు 10, తగ్గించుటకు 15 సెకనులతో ఆరంభింపవచ్చును. బోరు మోటారునకు తయారీదారు సూచనయే ప్రమాణము.

3. పని భారముతో నడుపుచు, ఒక్కొక్క మారు 1 లేక 2 సెకనులు తగ్గించుచు, పెంచునపుడు ఆంపియరులను, తగ్గించునపుడు డి.సి. వోల్టేజిని చూడవలెను. ఇవి హద్దును సమీపించినచో, లేక గొట్టము అదిరినచో, వెనుకటి సంఖ్యకు పోవలెను.

4. డ్రిప్పు మళ్లకు ఒత్తిడి నిలుపు డ్రైవైనచో, సవరణ బలమును కొంచెము కొంచెముగా పెంచవలెను. ముల్లు ఊగులాడ నారంభించినపుడు ఆ బలమును సగమునకు దించవలెను.

డ్రైవునకు, మోటారునకు ఎర్తు తప్పనిసరి. స్విచ్చి కట్టిన పిదప కూడ లోపలి కెపాసిటరులలో ప్రాణాంతకమైన కరెంటు నిలిచియుండును. డ్రైవుపై వ్రాసిన నిమిషములు గడచిన పిదపనే, కరెంటు లేదని పరీక్షించి, మూత తెరువవలెను.

పొరుగువారి డ్రైవులోని సంఖ్యలను తెచ్చి మీ డ్రైవులో వేయకుడు. వారి బోరు లోతు, గొట్టము పొడవు, చక్రము బరువు వేరు. మీ యంత్రము కుదుపు లేక, ట్రిప్పగాక, ఎంత త్వరగా వేగము మార్చుకొనగలదో, అదియే మీకు తగిన వ్యవధి. దానిని వ్రాసి డ్రైవు పెట్టె లోపల అంటించియుంచుడు.