పండుగ సందడిలో పాత భయం: కుటుంబం ఏం చేయాలి?



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళమీద స్టార్లు వెలుగుతాయి, బంధువులు దిగుతారు, పిండివంటలు మొదలవుతాయి. కానీ కొన్ని ఇళ్ళల్లో ఒకరు మాత్రం గదిలోంచి బయటకు రారు. టపాకాయ పేలితే వణికిపోతారు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచిపోతారు. చుట్టాలు ఒకరు “పొగరు” అంటారు, ఇంకొకరు “ఇన్నేళ్ళయినా మర్చిపోలేదా?” అంటారు. “విశ్వాసం తక్కువ” అనేవారు కూడా ఉన్నారు. ఇవేవీ కారణం కాకపోవచ్చు. అది జబ్బు అయి ఉండవచ్చు. దానికి వైద్యం ఉంది.

ఏమిటీ జబ్బు?

తుఫాను, రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం, ఇంట్లో హింస, లైంగిక దాడి వంటివి అనుభవించినవారికి, కళ్ళారా చూసినవారికి కొన్నాళ్ళు నిద్ర పట్టకపోవడం, భయం సహజం. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గక, రోజువారీ పనులకు అడ్డం వస్తుంటే అది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పి.టి.ఎస్.డి. కావచ్చు. దీని ముఖ్య లక్షణాలు ఇవి:

• జరిగినదే మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్టు ఉండటం, పీడకలలు
• ఆ సంగతి గుర్తుచేసే చోట్లకు, మనుషులకు దూరంగా తిరగడం
• చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, చిరాకు, నిద్రలేమి
• దేనిమీదా ఇష్టం లేకపోవడం, తప్పంతా తనదే అనుకోవడం

పండుగకు ఎందుకు ఎక్కువవుతుంది?

ఆపద జరిగినప్పటి చప్పుడు, వాసన, తేదీ మెదడులో భయంతో ముడిపడిపోతాయి. 2004 డిసెంబరు 26, ఆదివారం, క్రిస్మస్ మర్నాడు ఉదయం సునామీ మన కోస్తాను తాకింది. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా చనిపోయారు. ఆ అలల్లో తనవాళ్ళను పోగొట్టుకున్న మనిషికి క్రిస్మస్ పాటలు వినబడగానే ఆ ఉదయం కూడా గుర్తుకు రావచ్చు. ప్రమాదం పాతదే అయినా శరీరం ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి. ఇది నటన కాదు. దీనికి తోడు జనం, నిద్ర చాలకపోవడం, బంధువుల ప్రశ్నలు భారాన్ని పెంచుతాయి.

పండుగకు ముందు

1. వారినే అడగండి. “ఎంతసేపు ఉండగలవు? పక్కన ఎవరుంటే బాగుంటుంది?” అని ముందే మాట్లాడుకోండి. బలవంతం చేయవద్దు. అలాగని అసలు పిలవకుండా వదిలేయవద్దు. ఎప్పుడూ తప్పించుకుంటూ పోతే భయం తగ్గదు, పెరుగుతుంది. వారు ఒప్పుకున్న అరగంట చాలు.

2. గుడిలోగాని ఇంట్లోగాని వారి కుర్చీ తలుపు దగ్గర వేయండి. లేచి వెళ్ళాలనిపిస్తే కూర్చోవడానికి నిశ్శబ్దమైన చోటు చూసి ఉంచండి. తిరిగి వచ్చినప్పుడు “ఎక్కడికి వెళ్ళావు?” అని నలుగురిలో అడగవద్దు.

3. బంధువులకు ముందే చెప్పండి. జరిగిన కథంతా చెప్పమని ఎవరూ అడగకూడదు. వారంతట వారు చెబితే మధ్యలో సలహాలు ఇవ్వక వినండి.

4. టపాకాయలు ఎప్పుడు కాలుస్తారో ముందే తెలియజేయండి. వెనుక నుండి పేల్చి నవ్వడం సరదా కాదని పిల్లలకు నేర్పండి.

5. డాక్టరు రాసిన మాత్రలు ప్రయాణంలో మానవద్దు. సెలవులకు సరిపడా ముందే తెచ్చుకోండి. మద్యం ఆ పూటకు మరిపించినట్టు ఉన్నా, నిద్రను, భయాన్ని మరింత చెడగొడుతుంది.

భయం ముంచుకొచ్చినప్పుడు

వెనుక నుండి పట్టుకోవద్దు. అందరూ చుట్టూ మూగవద్దు. ఒక్కరు ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పండి: “అక్కా, ఇది మన ఇల్లు. ఈ రోజు క్రిస్మస్. నేను నీ దగ్గరే ఉన్నాను.” పాదాలు నేలకు ఆనించమనండి. కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి, తరువాత వినబడే మూడు చప్పుళ్ళు. గాలి మామూలుగా పీల్చి, నెమ్మదిగా వదలమనండి. మీరూ వారితో కలిసి చేయండి.

వైద్యం

ఈ జబ్బుకు ప్రత్యేక శిక్షణ పొందినవారు ఇచ్చే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు డాక్టరు ఇస్తారు. వాటి గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. షాపులో నిద్రమాత్రలు సొంతంగా కొనవద్దు. చనిపోతానని ఎవరైనా అంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలక, పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

గుర్తుంచుకోండి

విరిగిన కాలికి కట్టు కట్టించుకోవడం విశ్వాసం తక్కువై కాదు గదా! ఇదీ అంతే. ప్రార్థనకు వైద్యం అడ్డు కాదు. ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఒక్క మాట ఆలోచించండి: మన ఇంట్లో పండుగ ఎవరికి బరువుగా ఉంది? వారిని మనం ఎప్పుడైనా అడిగామా?