నష్టమొచ్చినా గిర్నీ ఎందుకు తిరుగుతుంది?

అర్థశాస్త్రం పరీక్షలో ఏటేటా తప్పకుండా కనిపించే ప్రశ్న ఒకటున్నది. సంపూర్ణ పోటీలోని సంస్థ స్వల్పకాలంలో నష్టాలు వస్తున్నా ఉత్పత్తిని ఎందుకు కొనసాగిస్తుంది? దీనికి జవాబు మన విద్యార్థి మిత్రులందరికీ కంఠస్థమే. ధర సగటు చర వ్యయం కంటే ఎక్కువగా ఉన్నంతవరకు కొనసాగిస్తుంది, అంతకంటే తగ్గితే ఆపేస్తుంది అని రాసి, పక్కన గిన్నె ఆకారంలో రెండు రేఖలు గీసి, కింది రేఖ అడుగున చుక్క పెట్టి, దానికి మూసివేత బిందువని పేరు రాస్తే మార్కులు పడతాయి. కాని ఆ చుక్క మీద నిలబడ్డ మనిషి ఎవరు, అతని ఖాతా పుస్తకంలో ఏది స్థిర వ్యయం, ఏది చర వ్యయం అని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమైపోతుంది. రేఖాపటంలో తప్పేమీ లేదు. దాని వెనకనున్న లెక్క మన బజారులోనూ, మన పల్లెల్లోనూ రోజూ జరుగుతున్నదే. ఆ లెక్కను కొంచెం విడమరచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సంపూర్ణ పోటీ సంగతి. అసంఖ్యాకమైన అమ్మకందార్లు, ఒకే రకం సరుకు, స్వేచ్ఛగా ప్రవేశ నిష్క్రమణలు, సంపూర్ణ పరిజ్ఞానం అని నాలుగు లక్షణాలు చెప్పుకుంటాం. నాలుగూ కలిసి ఎక్కడా దొరకవు. అయినా మన సికింద్రాబాద్ మోండా మార్కెట్లో పొద్దున్నే కొత్తిమీర కట్టలు పెట్టుకొని కూర్చున్నామెను చూస్తే మొదటి లక్షణం అర్థమవుతుంది. పక్క గంప ధరకంటే రూపాయి ఎక్కువ చెబితే కొనేవాడు ఆగడు, రూపాయి తక్కువ చెప్పవలసిన అవసరమూ లేదు. ధరను ఆమె నిర్ణయించదు, బజారు చెప్పిన ధరను స్వీకరిస్తుంది. ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే: ఆ ధరకు ఎంత సరుకు తేవాలి, అసలు తేవాలా వద్దా?

ఇప్పుడు ఒక గల్లీలో పిండి గిర్నీ ఉన్నదనుకుందాం. అట్లాంటి గిర్నీలు చుట్టుపక్కల చాలా ఉన్నాయి, కాబట్టి పట్టుడు రేటు అందరిదీ ఒకటే, కిలోకు 5 రూపాయలు. (అంకెలు లెక్క తేలికగా ఉండడానికి వేసుకున్నవే సుమా.) షాపు కిరాయి, మోటారు కొన్న అప్పు తాలూకు వాయిదా కలిపి నెలకు 15,000 రూపాయలు. గిర్నీ తిరిగినా తిరగకపోయినా ఇవి కట్టక తప్పదు. ఇది స్థిర వ్యయం. ఇక కరెంటు, రోజుకూలి కుర్రవాడు, రాయికి గాట్లు కొట్టించడం, ఇవన్నీ కలిపి కిలోకు 3 రూపాయలు పడతాయనుకుందాం. ఇది చర వ్యయం. నెలకు 6,000 కిలోలు పడితే రాబడి 30,000, చర వ్యయం 18,000. మిగిలిన 12,000 కిరాయికీ వాయిదాకూ పోతుంది, ఇంకా 3,000 రూపాయలు లోటు.

గిర్నీ యజమాని బంధువు ఒకాయన వచ్చి, "నెలకు మూడువేలు చేతినుంచి పెట్టుకొని గిర్నీ నడపడమేమిటి, షట్టరు దించేయరాదా?" అంటాడు. లోకం తీరు ఇట్లాగే ఉంటుంది. కాని షట్టరు దించితే రాబడి సున్న, చర వ్యయం సున్న, కిరాయి, వాయిదా మాత్రం అట్లాగే 15,000. అంటే నడిపితే 3,000 నష్టం, మూస్తే 15,000 నష్టం. రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకోవడమే ఇక్కడ వివేకం. అదే పట్టుడు రేటు రెండున్నర రూపాయలకు పడిపోయిందనుకోండి. అప్పుడు పట్టిన ప్రతి కిలోకూ అర్ధరూపాయి ఎదురు పెట్టుకోవాలి, నష్టం 18,000 అవుతుంది. ఇప్పుడు బంధువు మాట నిజం. ఈ రెండింటి మధ్య, సరిగ్గా 3 రూపాయల దగ్గర, నడిపినా మూసినా ఒకటే. పరీక్షలో మనం పెట్టే చుక్క అదే. నిజానికి కిలోకు అయ్యే చర వ్యయం అన్నివేళలా ఒకేలా ఉండదు. పని మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పెరుగుతుంది, అందుకే రేఖ వంపు తిరుగుతుంది. మూసివేత బిందువు ఆ వంపు అడుగున ఉంటుంది. అక్కడినుంచి పైకి పోయే ఉపాంత వ్యయ రేఖే సంస్థ సప్లయి రేఖ.

ఇక్కడ గమనించదగ్గది ఏమంటే, నిర్ణయంలో కిరాయికి చోటే లేదు. కిరాయి 15,000 అయినా 50,000 అయినా ఈ నెల షట్టరు తెరవాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మారదు. "ఇంత కిరాయి పెట్టుకున్నాం, ఎట్లాగైనా నడపాల్సిందే" అన్నా, "ఈ కిరాయికి ఏం మిగులుతుంది, మూసేద్దాం" అన్నా, రెండూ తప్పు తర్కాలే. కిరాయి గురించి ఆలోచించవలసిన సమయం ఒప్పందం గడువు ముగిసేనాడు. ఆ రోజే దీర్ఘకాలం మొదలవుతుంది.

ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన గ్రంథంలో ఈ విభజనను ప్రధాన వ్యయాలు, అనుబంధ వ్యయాలు అనే పేర్లతో చేశాడు. మనం నేడు గీసే వ్యయరేఖల కుటుంబానికి చక్కని రూపమిచ్చింది 1931లో జాకబ్ వైనర్ రాసిన వ్యాసం. మార్షల్ మరొక మాట కూడా అన్నాడు, దాన్ని మన గైడు పుస్తకాలు వదిలేశాయి. వ్యాపారి ప్రధాన వ్యయం దాకా ధర దిగనివ్వడానికి జంకుతాడు, ఎందుకంటే బజారు చెడిపోతుందని భయం. గిర్నీ విషయంలో దీనికి తలకిందుల భయం కూడా ఉన్నది. రెండు నెలలు మూస్తే గోధుమల డబ్బా పట్టుకొని వచ్చే ఇల్లాలు పక్క గల్లీకి అలవాటు పడుతుంది, కుర్రవాడు వేరే పనిలో కుదురుకుంటాడు. కాబట్టి రేటు 3 రూపాయలకు కాస్త దిగువన ఉన్నా కొన్నాళ్లు లాగడం మూర్ఖత్వమేమీ కాదు.

ధర పడకుండానే మూసివేత బిందువు పైకి లేవవచ్చు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ విరామాలు ప్రకటించినప్పుడు బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల చిన్న కర్మాగారాలు ఎదుర్కొన్న సమస్య అదే. డీజిల్ జనరేటరు మీద యూనిట్ కరెంటు లైను కరెంటుకంటే చాలా ఖరీదు. ఆర్డరు ధర మారలేదు, చర వ్యయమే ఎక్కింది. ఆ రోజు జనరేటరు వేయాలా, పనివాళ్లను ఇంటికి పంపాలా అన్నది మన చుక్క దగ్గరి లెక్కే.

ఇక అసలు చిక్కు. ఏది స్థిరం, ఏది చరం అన్నది వస్తువు మీద రాసి ఉండదు, గడియారం మీద ఉంటుంది. స్టేషన్ ముందు కిరాయి ఆటో నడిపే అతన్ని చూడండి. పొద్దున బండి తీసుకోకముందు రోజు కిరాయి తప్పించుకోదగిన ఖర్చు. ఈ రోజు గిరాకీ ఉండదనిపిస్తే తీసుకోకుండా ఉండవచ్చు. కిరాయి ఒప్పుకున్న మరుక్షణం అది పోయిన డబ్బు. అటుతర్వాత ఇంధనం ఖర్చుకు మించి వచ్చే ప్రతి సవారీ లాభమే. మదనపల్లె ప్రాంతపు టమాటా రైతుదీ ఇదే స్థితి. నారుకు, ఎరువుకు, కట్టెలకు పెట్టింది అప్పటికే పోయింది. కోత కూలీ, పెట్టెలు, బండి బాడుగ, కమిషను కలిపి మార్కెట్ ధరను మించితే పండు చెట్టుకే వదిలేస్తాడు. చూసేవాళ్లకు అది పిచ్చితనం, లెక్కకు అది సబబు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం వల్ల కరోనా వస్తుందన్న వదంతితో బ్రాయిలర్ ధర కూలినప్పుడు కోళ్ల రైతులకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. గిర్నీ ఆపితే కరెంటు మిగులుతుంది, కోడి మాత్రం అమ్మకపోయినా మేత తింటుంది! ఎదిగిన కోళ్లను వచ్చిన ధరకు వదిలించుకోవడం, కొత్త పిల్లలను షెడ్డులోకి దించకపోవడం, రెండూ ఒకే సూత్రపు రెండు ముఖాలు. ఆ నెల 28న హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించవలసి వచ్చింది.

వీటన్నిటికంటే పెద్ద ఉదాహరణ మన రాష్ట్రాలలోనే జరిగింది. 2011 ఖరీఫ్‌లో, అక్కడివారి మాటలో సార్వాలో, నాటి తూర్పు గోదావరి జిల్లా కోనసీమ రైతులు వేల ఎకరాల్లో వరి నాటబోమని పంట విరామం ప్రకటించారు. కరువు ప్రాంతం కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పారే డెల్టా. నీళ్లున్నాయి, నేల ఉన్నది, నాటే చేయి తెలిసినది. అయినా వద్దన్నారు. సోమరితనమని కొందరు, రాజకీయమని కొందరు అన్నారు. మనం ముందు లెక్క చూద్దాం.

ఆ ఏడు సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు, అనగా 75 కిలోల బస్తాకు 810. ఇది నిజమైన అంకె. మిగిలినవి ఊహించుకుందాం. ఎకరాకు 20 బస్తాలు పండితే 16,200. దుక్కి, నారు, నాట్లు, ఎరువు, పురుగు మందు కలిపి 10,000, కోత, నూర్పు, మోత కలిపి 4,000. మొత్తం 14,000. మద్దతు ధర చేతికొస్తే 2,200 మిగులు, నాటవచ్చు. ఆ ధర దక్కడం లేదన్నదే రైతుల మొదటి ఫిర్యాదు. బియ్యం ఎగుమతి మీద 2008 నుంచి అమలైన నిషేధం 2011 సెప్టెంబరు దాకా సడలలేదు. గోనె సంచుల కొరత, నిల్వకు చోటు లేకపోవడం సరేసరి. వ్యాపారి 700 ఇస్తే రాబడి 14,000. రైతు సరిగ్గా చుక్క మీద నిలబడ్డాడు.

రెండో ఫిర్యాదు మురుగు కాల్వలు. పూడిక తీయక, తుఫాను వానకు సార్వా చేలు మునుగుతాయి. నాలుగేళ్లలో ఒక ఏడు మునిగిందనుకోండి. మూడేళ్లు 2,200 చొప్పున 6,600 మిగులు, నాలుగో ఏడు కోత ఖర్చు తప్పినా 10,000 నీటిపాలు. నాలుగేళ్ల మొత్తం మీద 3,400 నష్టం, అదీ పూర్తి మద్దతు ధర వచ్చినా! భూమి కిరాయి, అప్పు వడ్డీ ఇందులో చేర్చనే లేదు. ఆ నష్టం పూర్తిగా చర వ్యయం మీదనే. దాళ్వా పంటకు ఈ ముంపు భయం తక్కువ గనక, సార్వా వదలడమంటే వ్యవసాయం వదలడం కాదు. స్వల్పకాలపు మూసివేతకు ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ పాఠ్యగ్రంథంలో దొరకదు.

కౌలుదారు లెక్క వేరు. ఎకరాకు 5 బస్తాలు కౌలనుకుంటే అతనికి మిగిలేది 15 బస్తాలు, 12,150 రూపాయలు. ఖర్చు 14,000. ఈ లెక్కన అతడు ఎప్పుడో మానేయాలి. కాని చేశాడు, చేస్తున్నాడు. ఎందుకంటే ఆ 14,000లో 4,000 విలువైన పని భార్యాభర్తలే చేసుకుంటారు. చేతినుంచి పెట్టేది 10,000; సీజనంతా కష్టపడితే 2,150 మిగులుతుంది. తమ కూలిని తాము సగానికి కట్టుకున్నారన్నమాట. వేరే పని దొరకనంతకాలం ఇది నడుస్తుంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం, పట్నాల్లో కట్టుబడి పనులు, ఇవి ఆ కూలికి బయట ఒక ధర కట్టాయి. అప్పటినుంచి సొంత చెమటకూ లెక్క కట్టక తప్పలేదు. కూలి పెరగడమే విరామానికి కారణమని ఉపాధి హామీని నిందించినవారున్నారు. నా అభిప్రాయంలో ఇది సగం మాటే. యజమాని పుస్తకంలో ఖర్చుగా ఎక్కిన నాటు కూలి, నాటు వేసిన ఆడమనిషి ఇంట్లో రాబడి. చేను బీడుపడితే మొదట పోయేది ఆమె రోజులే. మన రేఖాపటంలో ఆమెకు గీత లేదు.

ఇంకొక సంగతి. గిర్నీవాడు మూసేటప్పుడు తీర్మానం చేయడు, మౌనంగా షట్టరు దించుతాడు. కోనసీమ రైతులు సభలు పెట్టి, ఊరూరా ప్రకటించారు. ఒక్క రైతు నాటకపోతే ధర కదలదు, ఆ సంగతి అతనికీ తెలుసు. అందరూ కలిసి ఆపితే మాత్రం ధరను స్వీకరించేవాళ్లు ధర గురించి మాట్లాడేవాళ్లవుతారు. కాబట్టి పంట విరామంలో రెండు పనులు పెనవేసుకున్నాయి: ఒకటి విడివిడిగా ప్రతి కమతం చేసుకున్న చర వ్యయపు లెక్క, రెండోది మద్దతు ధర నిర్ణయించే ప్రభుత్వంతో సామూహిక బేరం. మొదటిది నిజం కాకపోతే రెండోది నిలిచేది కాదు. ఎకరాకు రెండువేలు మిగిలే చోట పొరుగువాడి మాట విని చేను బీడుపెట్టే రైతును నేనెరుగను. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసి కారణాలు విచారింపజేసింది. 2022లో కోనసీమలోని కొన్ని మండలాల్లో రైతులు మళ్లీ విరామం ప్రకటించారు.

ఈలోగా డెల్టాలో ఎన్నో చేలు రొయ్యల చెరువులైనాయి. సార్వా వదిలిన చేలో దాళ్వా నాటవచ్చు. చెరువు తవ్వి ఉప్పునీరు నిలిపిన చేలో మరుసటి ఏడే వరి నాటడం కుదిరే పని కాదు. దాన్ని మూసివేత అనరు, నిష్క్రమణ అంటారు. పరీక్షలో అది వేరే ప్రశ్న.