గేరు వేస్తే వణికే బండి: మెకానిక్ ఉద్యోగానికి అసలు పరీక్ష

ఆటోమేటిక్ కారు న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. బ్రేకు తొక్కి డ్రైవ్‌లో వేయగానే స్టీరింగు, సీటు, డ్యాష్‌బోర్డు అన్నీ వణకడం మొదలుపెడతాయి. ఆర్‌పీఎం ముల్లు పడిపోతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుందేమోనని ఓనరుకు భయం. ఇలాంటి బండి వస్తే చాలా షెడ్లలో ముందు ప్లగ్గులు మారుస్తారు. తగ్గకపోతే కాయిళ్లు, అప్పటికీ తగ్గకపోతే గేర్ ఆయిల్. ఆఖరికి గేర్‌బాక్స్ దించాలంటారు. బిల్లు పెరుగుతుంది, వణుకు మాత్రం పోదు.

పార్టు మార్చేవాళ్లు విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని చిన్న షెడ్డు దాకా ఎక్కడైనా దొరుకుతారు. ఏ పార్టు పోయిందో విప్పకముందే చెప్పగలిగేవాళ్లకే కొరత. ఆటోమొబైల్ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు ఆ రెండో కోవలో చేరాలని నా కోరిక. అందుకు ఈ ఒక్క కంప్లయింటును క్షుణ్ణంగా అర్థం చేసుకున్నా మంచి పునాది పడుతుంది.

డ్రైవ్‌లో వేసి బ్రేకు తొక్కి ఉంచితే చక్రాలు తిరగవు, కానీ టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్‌ను ఇంజిన్ చిలుకుతూనే ఉండాలి. నడిచే మనిషి నెత్తిన మూట పెట్టినట్టే. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) వెంటనే గాలి కాస్త పెంచి ఆర్‌పీఎంను నిలబెడుతుంది. లోపల ఏదో బలహీనత ఉంటే అది సరిగ్గా ఈ లోడు పడినప్పుడే బయటపడుతుంది. గేరు వేసినప్పుడు వచ్చే వణుకులో తప్పు గేర్‌బాక్స్‌దే కానక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పైసా ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టాలి. బండిని న్యూట్రల్‌లోనే ఉంచి ఏసీ వేయండి. కంప్రెసర్ లోడు పడగానే అదే వణుకు వస్తే గేర్‌బాక్స్ మీద అనుమానం చాలావరకు తీరిపోతుంది, ఇంజిన్ వైపు చూడాలి. తర్వాత ఆర్‌పీఎం ముల్లు గమనించండి. ముల్లు కదలకుండా నిలబడి ఉంటే, బాడీ మాత్రమే అదురుతుంటే ఇంజిన్ మౌంటింగులను అనుమానించాలి. డ్రైవ్‌లో, రివర్స్‌లో ఇంజిన్ ఒరిగే దిశ మారుతుంది కాబట్టి, ఒకదానిలో ఎక్కువగా, రెండోదానిలో తక్కువగా వణికితే ఆ అనుమానం బలపడుతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టాలి. బండి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. మొదటి రోజు నుంచే ఇది అలవాటు కావాలి.

ఇక స్కానర్. స్టీరింగు కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. పీ0303 అని కోడ్ వచ్చిందనుకోండి, మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని అర్థం. కాయిల్ పోయిందని ఆ కోడ్ చెప్పలేదు. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దానిది మూడో దానికి వేయండి. కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈసారి పీ0301 వచ్చిందా? దోషం కాయిల్‌తోపాటు నడిచి వెళ్లింది, కాయిలే మార్చాలి. పీ0303 అక్కడే ఉందా? ప్లగ్గునూ అలాగే మార్చి చూడాలి. ఆ తర్వాతే ఇంజెక్టర్, కంప్రెషన్. కొత్త పార్టు ఒక్కటీ కొనకుండానే జవాబు దొరుకుతుంది.

మిస్‌ఫైర్ కోడ్ లేకుండా పీ0171 వస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని లెక్క. అప్పుడు లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె చూడాలి. ఐడ్లింగ్‌లో అది ప్లస్ 20 శాతం దగ్గర ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర నాలుగైదుకు దిగిపోతే ఎక్కడో వ్యాక్యూమ్ లీకు ఉండే అవకాశం ఎక్కువ. కారణం తేలికే. చిరిగిన పైపులోంచి వచ్చే గాలి కొద్దిపాటిదే. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ కాబట్టి ఆ కొద్ది గాలీ పెద్ద వాటా అవుతుంది, థ్రాటిల్ తెరుచుకున్నాక దాని వాటా తగ్గిపోతుంది. అలాకాక ఆర్‌పీఎం పెంచినా ట్రిమ్ దిగకపోతే ఫ్యూయల్ ప్రెషర్, గాలిని కొలిచే సెన్సర్ చూడాలి. ఎయిర్ ఫ్లో సెన్సర్‌కు బదులు మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న బండ్లలో మాత్రం లీకు ఉంటే ట్రిమ్ కంటే ముందు ఐడ్లింగే పెరగొచ్చు. ఏ బండిలో ఏ సెన్సర్ ఉందో తెలుసుకున్నాకే అంకెలను నమ్మాలి.

థ్రాటిల్ బాడీలో కార్బన్ పేరుకుపోయినా ఇదే కంప్లయింటు వస్తుంది. దాన్ని శుభ్రం చేయడం అందరికీ తెలుసు. కానీ చాలా బండ్లకు ఆ తర్వాత స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయాలి, అది వదిలేస్తే ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఉండి కస్టమర్ మర్నాడే మళ్లీ వస్తాడు. ఇవన్నీ సరిగ్గా ఉండి, బండి ఆగబోయే సమయంలో ఎవరో పట్టి లాగినట్టు ఇంజిన్ ఆగిపోతుంటే అప్పుడు టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ విడవడం లేదేమో చూడాలి. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) బండ్లలో అసలు టార్క్ కన్వర్టరే ఉండదు. మామూలు క్లచ్చునే యాక్చుయేటర్ నడుపుతుంది కాబట్టి వాటి దారి వేరు.

ఈ చదువుకు దారులు తెలిసినవే. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ (ఎంఎంవీ) ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు, అక్కడినుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలకండి. రోజుకు రకరకాల కంప్లయింట్లు చూసే అవకాశం క్లాసులో రాదు. చేయి తిరిగాక డయాగ్నస్టిక్ టెక్నీషియన్, సర్వీస్ అడ్వైజర్, ట్రైనర్ లాంటి ఉద్యోగాలు ఉంటాయి. అడ్వైజర్ సీట్లో కూర్చున్నా ఇదే విద్య కావాలి. వణుకు చల్లటి ఇంజిన్‌లోనా వేడెక్కాకా, ఏసీ వేస్తేనా, రివర్స్‌లోనా అని అడిగి జాబ్‌కార్డులో రాసిన నాలుగు మాటలు టెక్నీషియన్‌కు సగం పని తగ్గిస్తాయి. అమ్మాయిలు కూడా ధైర్యంగా ఈ వైపు రావాలి, ఇక్కడ కావాల్సింది ఓపిక, ఆలోచన.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. సర్వీస్ మాన్యువళ్లు, వైరింగ్ డయాగ్రాములు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిలో వాడే మాటలు పరిమితం, రోజుకు కొన్ని చొప్పున రాసుకుంటూ పోతే కొన్ని నెలల్లో పట్టు వస్తుంది. మల్టీమీటర్ వాడటం, బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌తో బాగున్న బండి లైవ్ డేటా చూడటం ఇప్పుడే మొదలుపెట్టండి. బాగున్న బండి అంకెలు తెలియనివాళ్లకు చెడిన బండి అంకెలు అర్థం కావు.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా, ఇది నేర్చుకుని ఏం లాభమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. సొంత కారు రిజిస్ట్రేషనే 15 ఏళ్లు ఉంటుంది. ఈ ఏడాది అమ్ముడైన పెట్రోలు కారు వచ్చే దశాబ్దం దాటాక కూడా షెడ్డుకు వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సర్లు, నిఘా పెరిగాయి, అంటే స్కానర్ చదవగలిగేవాళ్ల అవసరమూ పెరిగింది. రేపు ఎలక్ట్రిక్ బండి ముందు నిలబడినా, హై వోల్టేజ్ జాగ్రత్తలు అదనంగా నేర్చుకోవాలి తప్ప, దోషం వెతికే పద్ధతి ఇదే.

ఎంఎంవీ సీటు వస్తే చేరేముందు ఆ ఐటీఐ వర్క్‌షాపుకు స్వయంగా వెళ్లండి. స్టార్ట్ అయ్యే ఇంజిన్ ఉందా, పనిచేసే స్కానర్ ఉందా, వాటిని విద్యార్థుల చేతికి ఇస్తారా అని సీనియర్లను అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.