మరపు – మననం

పాఠ్యభాగ ఉద్దేశం

చదివినది ఎందుకు మరచిపోతాము? మరచిపోకుండా ఉండడానికి ఏమి చేయాలి? ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ఈ ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు ఊహతో గాక ప్రయోగంతో సమాధానం వెదికారు. ఆ అన్వేషణలోని ముఖ్య ఘట్టాలను పరిచయం చేసి, విద్యార్థులు తమ అధ్యయన పద్ధతిని తామే పరీక్షించుకొనేట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పరీక్షలు సమీపించిన రోజులలో ఏ కళాశాల వసతిగృహంలో చూసినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. విద్యార్థి ఒక పుటను చదువుతాడు. మరల చదువుతాడు. ముఖ్యమనిపించిన వాక్యాల కింద గీతలు గీస్తాడు. ఐదవసారి చదివేటప్పటికి పఠనం నల్లేరుపై బండినడక వలె సాగిపోతుంది. "ఇక ఇది వచ్చేసినట్లే" అని తృప్తిగా పుస్తకం మూస్తాడు. వారం గడిచిన తరువాత పరీక్షామందిరంలో అదే ప్రశ్న ఎదురవుతుంది. పుటలో ఏ మూల గీత గీశాడో జ్ఞాపకమున్నది. ఆ గీతపైన ఏమి రాసి ఉన్నదో మాత్రం జ్ఞాపకం రాదు. "నాకు జ్ఞాపకశక్తి లేదు" అని తనను తానే నిందించుకొంటాడు. ఈ నింద న్యాయమైనదేనా? లోపం అతని బుద్ధిలో ఉన్నదా, చదివిన పద్ధతిలో ఉన్నదా?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందు మరపు స్వభావం తెలియాలి. మరపును మొట్టమొదట కొలిచి చూపినవాడు జర్మనీ దేశపు మనోవిజ్ఞానవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఈయన 1850లో జన్మించి 1909లో మరణించాడు. జ్ఞాపకశక్తి వంటి కంటికి కనిపించని గుణాన్ని అంకెలలోకి తేవడం అసాధ్యమని పలువురు భావించిన కాలమది. ఆయన తన మనస్సునే ప్రయోగశాలగా చేసుకొన్నాడు. తెలిసిన మాటలైతే పాత జ్ఞాపకాలు తోడువచ్చి ఫలితాన్ని మార్చివేస్తాయి. కనుక రెండు హల్లుల నడుమ ఒక అచ్చును నిలిపి, అర్థంలేని పదాంశాలను సుమారు 2,300 కల్పించుకొన్నాడు. వాటిని వరుసలుగా పేర్చి, నిమిషానికి 150 చొప్పున, ఒకే వేగంతో వల్లెవేసేవాడు. 1879లో ఆరంభించిన ఈ ప్రయోగాలను 1883-84లో మరల జరిపి, ఫలితాలను 1885లో గ్రంథంగా ప్రకటించాడు.

ఆయన అనుసరించిన కొలత సులభమైనది. ఒక వరుసను తప్పులేకుండా అప్పజెప్పడానికి మొదటిసారి ఎంత సమయం పట్టిందో గుర్తించేవాడు. కొంతకాలం గడిచిన తరువాత అదే వరుసను తిరిగి నేర్చుకొనేవాడు. రెండవసారి ఎంత సమయం ఆదా అయినదో, అంతమేరకు జ్ఞాపకం నిలిచినట్లు లెక్క. ఇరవై నిమిషాల తరువాత ఆ ఆదా సుమారు 58 శాతం. గంట తరువాత 44 శాతం. ఒక రోజు తరువాత 34 శాతం. నెల తరువాత 21 శాతం. అనగా మరపు దినదినం సమానంగా సాగే క్రియ కాదు. మొదటి గంటలలో అది కొండవాగు వలె దూకుతుంది. ఆ తరువాత మెల్లగా పారుతుంది.

ఈ ఫలితం మొదట నిరుత్సాహపరచేదిగా తోచవచ్చు. కాని అందులోనే ఊరట కూడా ఉన్నది. పూర్తిగా మరచితిమని భావించిన విషయం సైతం రెండవసారి తక్కువ శ్రమతో పట్టుబడుతుంది. చేసిన అధ్యయనం ఊరకే పోదు. పైగా ఆయన మరి రెండు విషయాలు గమనించాడు. బైరన్ కవి రచించిన 'డాన్ జువాన్' కావ్యంలోని చరణాలను వల్లెవేసినప్పుడు, అర్థంలేని పదాంశాలకు పట్టిన శ్రమలో సుమారు పదవవంతే సరిపోయింది. అర్థమే జ్ఞాపకానికి మూలబలమని దీనివలన తెలుస్తున్నది. ఇక రెండవది: పన్నెండు పదాంశాల వరుసను ఒకేరోజు 68 మార్లు వల్లెవేసినందువలన కలిగిన ఫలితం, మూడు రోజులకు పంచుకొని 38 మార్లు వల్లెవేసినా కలిగింది. శ్రమ దాదాపు సగానికి తగ్గినా ఫలం తగ్గలేదు. పరీక్షకు ముందురాత్రి జాగరణ చేసేవారు ఈ రెండు అంకెలను జ్ఞప్తియందు ఉంచుకోవాలి.

ఒక్క వ్యక్తి తనపై తాను జరుపుకొన్న ప్రయోగాన్ని ఎంతవరకు నమ్మవచ్చుననే సందేహం సహజం. శాస్త్రం అటువంటి సందేహాన్ని తప్పుపట్టదు. మరల ప్రయోగం చేయమంటుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రయోగాన్ని అదే పద్ధతిలో మరల జరిపారు. నూట ముప్పది సంవత్సరాల నాటి ఆ వక్రరేఖకు సన్నిహితమైన రేఖయే వారికీ లభించింది.

మరపు ఇంత సహజమైనపుడు దానిని నిలువరించే ఉపాయమేది? మరల మరల చదవడమేనని చాలామంది సమాధానం. పరిశోధకులు మరొక ఉపాయాన్ని దానితో పోల్చి చూశారు. 1917లో అమెరికాలో ఆర్థర్ గేట్స్ అనే పరిశోధకుడు పాఠశాల బాలబాలికలకు పాఠాలిచ్చి, కొందరిని ఎక్కువ సమయం చదవమన్నాడు. కొందరిని మాత్రం కొంతసేపు చదివి, మిగిలిన సమయమంతా కాగితంపై నుండి చూపు మరల్చి తమలో తామే అప్పజెప్పుకోమన్నాడు. అప్పజెప్పుకోవడానికి ఎక్కువ సమయం వెచ్చించినవారే ముందు నిలిచారు. 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ అయోవా రాష్ట్రంలో తొమ్మిది పట్టణాలకు చెందిన 3,605 మంది ఆరవ తరగతి విద్యార్థులపై విస్తృత పరిశోధన జరిపాడు. పాఠం చదివిన వెంటనే చిన్న పరీక్ష రాసినవారు, అప్పుడు రాయనివారికంటె చాలా రోజుల తరువాత కూడా ఆ పాఠాన్ని మెరుగుగా జ్ఞాపకముంచుకొన్నారని తేలింది.

ఈ విషయాన్ని మరింత స్పష్టపరచిన ప్రయోగం 2006లో వెలువడింది. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించి, ఒక చిన్న శాస్త్రవిషయాన్ని అధ్యయనం చేయించారు. అందరికీ నాలుగు విడతల సమయం లభించింది. మొదటి వర్గం నాలుగు విడతలూ చదివింది. రెండవ వర్గం మూడు విడతలు చదివి, నాలుగవ విడతలో గుర్తున్నదంతా తెల్లకాగితంపై రాసింది. మూడవ వర్గం ఒక్క విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలూ చూడకుండా రాసింది. మొదటి వర్గంవారు ఆ విషయాన్ని సగటున పదునాలుగు మార్లు చదివారు. మూడవ వర్గంవారు మూడు నాలుగు మార్లు మాత్రమే చదివారు.

ఐదు నిమిషాల తరువాత పరీక్షించగా మొదటి వర్గం 83 శాతం, రెండవది 78 శాతం, మూడవది 71 శాతం జ్ఞాపకముంచుకొన్నట్లు తేలింది. చదివినవారిదే గెలుపు! కాని వారం తరువాత పరీక్షించినపుడు వరుస తలకిందులైంది. మూడవ వర్గం 61 శాతంతో ముందు నిలిచింది. రెండవది 56 శాతం. మొదటి వర్గం 40 శాతానికి దిగజారింది. ఇందులో ఆలోచించదగిన అంశం మరొకటి ఉన్నది. వారం తరువాత తమకు ఎంత గుర్తుండగలదో ముందుగానే అంచనా వేయమన్నపుడు, అత్యధిక విశ్వాసం ప్రకటించినవారు పదునాలుగు మార్లు చదివిన మొదటి వర్గంవారే!

ఈ వింతకు కారణమేమి? చూచి గుర్తించడం వేరు. చూడకుండా గుర్తుచేసుకోవడం వేరు. పుస్తకం ఎదుట ఉన్నపుడు ప్రతి వాక్యమూ పరిచితమైనదిగా కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే మనస్సు పాండిత్యంగా భ్రమిస్తుంది. పరీక్ష కోరేది పరిచయాన్ని కాదు, పునఃస్మరణను. పొలాల నడుమ కాలిబాట ఏర్పడేది నడవడం వలననే గాని, గట్టున నిలిచి చూడడం వలన కాదు. మనస్సులోనుండి ఒక విషయాన్ని వెలికితీసిన ప్రతిసారీ, దానిని చేరే బాట మరికొంత తీరుతుంది. అయితే వెలికితీయడం కష్టం, తడబాటు కలుగుతుంది. ఆ కష్టాన్ని చూచి విద్యార్థి "నాకు రావడం లేదు" అనుకొంటాడు. నిజానికి నేర్పు అలవడేది ఆ తడబాటులోనే. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర తరగతులలో జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధన కూడా ఇట్టిదే. సాఫీగా సాగే ఉపన్యాసం విన్న విద్యార్థులు తామే ఎక్కువ నేర్చుకొన్నామని భావించారు; పరీక్షలో మాత్రం స్వయంగా సమస్యలు సాధిస్తూ నేర్చుకొన్నవారు అధికులైనారు.

ఈ సందర్భంలో మన విద్యాసంప్రదాయం స్మరణకు రాక మానదు. శ్రవణం తరువాత మననాన్ని, దానిపై నిదిధ్యాసనను చెప్పినవారు మన పెద్దలు. వేదాధ్యయనంలో పద, క్రమ, జట, ఘన పాఠాలున్నాయి. జటలో రెండు పదాలను ముందు వరుసగాను, పిదప తలకిందులుగాను, మరల వరుసగాను వల్లిస్తారు. యునెస్కో 2003లో ఈ వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. తెలుగువారి సొత్తయిన అవధానం మరొక నిదర్శనం. అష్టావధానంలో అవధాని సమస్య, దత్తపది, వర్ణన మొదలైన అంశాలలో ఒక్కొక్క ఆవృత్తానికి ఒక్కొక్క పాదం చెబుతాడు. తక్కిన పృచ్ఛకులకు సమాధానమిచ్చి తిరిగి వచ్చేవరకు ఆ పాదం మనస్సులోనే ఉండాలి. చివరకు పద్యాలన్నింటినీ ధారణ చేయాలి. నడుమ ఎడం, చూడకుండా స్మరణ – ప్రయోగశాలలో తేలిన రెండు సూత్రాలూ ఇక్కడ సభామధ్యంలో కనిపిస్తున్నవి. అట్లని పూర్వులు సర్వమూ ఎరుగుదురని చెప్పడం శాస్త్రదృష్టి కాదు. అనుభవం దారి చూపుతుంది; ఆ దారి అందరికీ పనికివచ్చునో లేదో, ఎంతమేరకు పనికివచ్చునో ప్రయోగం నిర్ణయిస్తుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. అర్థంకాని దానిని ఎన్నిమార్లు అప్పజెప్పినా అది బట్టీపట్టడమే అవుతుంది. కనుక మొదట అవగాహన అవసరం. రాసిన పిదప పుస్తకం తెరచి సరిచూసుకోకపోతే తప్పే స్థిరపడవచ్చు. కనుక పాఠాన్ని శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంతవరకు సొంతమాటలలో రాసి, తెరచి దిద్దుకోవాలి. మరునాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, మరికొన్ని రోజులకు ఇంకొకసారి అదే పని చేయాలి. ఇందుకు కావలసిన సామగ్రి ఒక తెల్లకాగితం, ఒక కలం మాత్రమే. పేద విద్యార్థికైనా, ధనిక విద్యార్థికైనా ఇది సమానంగా అందుబాటులో ఉండే సాధనం.

పరీక్ష అనగానే భయం కలగడం లోకసహజం. అది ఇతరులు మన విలువకట్టే తూనికగా మాత్రమే మనకు పరిచయం కావడం ఇందుకు కారణం. తనకు తాను పెట్టుకొనే పరీక్ష తూనిక కాదు. అది చదువులోని భాగమే. వసతిగృహంలోని ఆ విద్యార్థి జ్ఞాపకశక్తి లేనివాడు కాడు. అతడు పుస్తకం మూసిన క్షణంలో చదువు ముగిసిందనుకొన్నాడు. నిజానికి అప్పుడే అది మొదలు కావలసి ఉన్నది.

అర్థాలు

మననం = మరల మరల తలచుకొనడం
నిదిధ్యాసన = ఏకాగ్రమైన ధ్యానం
పదాంశం = పదంలోని భాగం
వక్రరేఖ = వంపు తిరిగిన గీత
పునఃస్మరణ = తిరిగి జ్ఞాపకానికి తెచ్చుకొనడం
పృచ్ఛకుడు = అవధానంలో ప్రశ్నించేవాడు
ఆవృత్తం = ఒక చుట్టు, తడవ
ధారణ = మనస్సులో నిలుపుకొని తిరిగి చెప్పడం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 2006 నాటి ప్రయోగాన్ని వివరించి, దానినుండి విద్యార్థులు గ్రహించవలసిన అంశాలను తెలపండి.
2. 'మరపు – మననం' పాఠ్యభాగ సారాంశాన్ని సొంతమాటలలో రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఎబ్బింగ్‌హౌస్ మరపును ఎట్లా కొలిచాడు?
2. గుర్తించడానికి, గుర్తుచేసుకోవడానికి గల భేదమేమి?
3. అవధానానికి, ఆధునిక పరిశోధనకు గల పోలికను వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఎబ్బింగ్‌హౌస్ తన పరిశోధనలను గ్రంథంగా ఎప్పుడు ప్రకటించాడు?
2. స్పిట్జర్ ఎంతమంది విద్యార్థులపై పరిశోధన జరిపాడు?

IV. భాషాకృత్యం
ఈ పాఠాన్ని మూసి, గుర్తున్న అంశాలను పది వాక్యాలలో రాయండి. వారం తరువాత చూడకుండా మరల రాసి, రెండింటినీ పోల్చండి.